మూసిన తలుపే పెట్టుబడి

మా ముత్తాత తండ్రి పెద్దవాకిలి హనుమంతప్ప దేశాయి. విడపనకల్లుకు పడమరగా, బళ్లారి దారికి ఇరువైపులా ఉన్న ఊళ్లకు శిస్తు వసూలు చేసే అధికారం ఆయనది. తెల్లదొరలు కూడా గుర్రం దిగి మా గడప ముందు నిలబడే మాట్లాడేవారని ఇంట్లో చెప్పుకునేవాళ్లం. ముత్తాత భీమప్ప దేశాయి తీర్పరి. గట్టు తగాదా అయినా, ఆలుమగల తగాదా అయినా, మా గడప మీద చెయ్యి పెట్టి ఒక మాట అన్నాడంటే ఆ మనిషి ఇక దానికి కట్టుబడాల్సిందే. తప్పినవాడికి ఆ చుట్టుపక్కల పిల్లనిచ్చేవారు కాదు. మా తాత గోపాల దేశాయి పెద్ద కరువులో పాతర్లన్నీ తవ్వించి, కొర్రలు, జొన్నలు బయటికి తీయించి, ఆ వాకిట్లోనే ఊళ్లకు గంజి పోయించాడు. ఆ పాతర్లు మళ్లీ నిండలేదు. మా నాయన కాలానికి పొలాలు కోర్టులకు, నగలు చిన్నాయన ఎన్నికలకు పోయాయి. తాత పేరు పెట్టుకున్న నాకు వచ్చిన ఆస్తి ఇంటిపేరు, ఆ పేరు తెచ్చిన వాకిలి, నిటారుగా కూర్చునే అలవాటు.

కంపెనీలో కొత్తగా చేరుతున్న పిల్లలకు పనికొచ్చేలా నా అనుభవాలు రాయమని హైదరాబాదు ఆఫీసు నుంచి అడిగారు. ప్రమోషన్ల గురించీ ఫైళ్ల గురించీ చెప్పేవాళ్లు మీకు అక్కడే దొరుకుతారు. నేను ఉద్యోగం ఎలా ఉండేదో చెబుతాను. వంశం సంగతి ముందుగా ఎత్తినందుకు నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. అయితే మీ జీతాలు మొదట్లో పుట్టింది ఆ వంశంలోంచే.

కూర్చునే ఉద్యోగం

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. జీతం వచ్చే నెలలకన్నా రాని నెలలే ఎక్కువ. మహబూబ్ బాషా ఆ రోజుల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సినిమా హాలు క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలు వేసి, ఆ క్యాంటీనే కౌలుకు తీసుకుని, తరువాత హాలు కౌలుకు తీసుకుని, ఆపైన వేరుశనగ మిల్లు పెట్టిన మనిషి. ఊరంతా బజ్జీల బాషా అనేది. నాకు పరిచయం లేదు. స్టాఫ్‌రూములోకి వచ్చి, నిలబడే అడిగాడు.

"దేశాయన్నా, నీకు సినిమాలు తెలుసునా?"

"తెలియవు. చూడను."

"మంచిదాయ. తెలిసినోళ్లు శానామంది ఉండారు, అందరూ మునిగినారు. సినిమాలకు అప్పులిచ్చే కంపెనీ పెడతాండా. నువ్వు కూర్చుంటే సాలు."

"ఎక్కడ?"

"మీ వాకిలి ముందర. కుర్చీ ఏసుకోని."

నాకు కోపం వచ్చింది. అతను రెండు చేతులూ జోడించి, మాట మాత్రం తగ్గించకుండా చెప్పాడు. "నేనిస్తే ఎవడప్పా ఈ బజ్జీలోడు అంటారు. తీసుకున్నోడు ఎగ్గొట్టేదానికి జంకడు. దుడ్లు నాయి. ఇజ్జత్ నీది. రెండూ కల్సితేనే కంపెనీ. నీ ఒక్కనితో కాదు, నా ఒక్కనితో కాదు."

ఈ వృత్తి గురించి అంతకన్నా స్పష్టమైన మాట నేను తరువాత ఏ సెమినార్‌లోనూ వినలేదు.

నాయనను అడగడానికి ఊరికి వెళ్లాను. ఆయన అప్పటికి వాకిలి పక్కనున్న పాత గుర్రాల కొట్టంలో ఉండేవాడు. ఎందుకంటే ఆ వాకిలి వెనక ఇల్లు లేదు. మాది మట్టి మిద్దె. ఎన్నో కరువులకు నిలిచిన ఇల్లు ఒక ముసురుకు పడింది. ముందుగోడ, దానికున్న తలుపులు నిలిచాయి. మిగిలిందంతా కూలి, దాని మీద సర్కారు తుమ్మ మొలిచింది. కూలిన మరునాడు నాయన లోపలి నుంచి గడియ వేసి, వెనక గోడ ఒరిగిన చోటి నుంచి ఎక్కి బయటికి వచ్చాడు. మా వంశంలో వెనకదారిన బయటికొచ్చిన మొదటి మనిషి ఆయన. ముందునుంచి చూస్తే మాత్రం ఏమీ తేడా లేదు. రెండు నిలువుల టేకు తలుపులు, ఇత్తడి బొడిపెలు, పైన ఏనుగులు చెక్కిన దూలం, పసుపు పూసిన గడప. పక్క గోడలు ఎత్తైనవి. ఊరికి చివర. వెనకంతా ముళ్లకంప.

నాయన అంతా విని అన్నాడు. "పేరు వాడుకో. కుర్చీ ఏసుకో. తలుపు మాత్రం తీయొద్దు గోపాలా. అది మూసుండేంత కాలం లోపల ఏముండాదో ఎవురికీ తెలీదు. మనకు మిగిలిన ఆస్తి అదే."

గడప మీద చెయ్యి పెట్టించి ఆ మాట తీసుకున్నాడు. ఆ వచ్చే వేసవిలోనే పోయాడు.

అలా పెద్దవాకిలి ఫైనాన్స్ మొదలైంది. సినిమాల ముందు తెర మీద తెరుచుకునే ఆ తలుపుల బొమ్మ మీరు చూసే ఉంటారు. తెర మీద అవి చాలా సులువుగా తెరుచుకుంటాయి.

శనక్కాయ వేసేవాడికి సినిమా భయమా

అప్పటిదాకా మా ప్రాంతం సినిమాలు కొనేదేగానీ సినిమాలకు పెట్టుబడి పెట్టేది కాదు. పెట్టుబడి హైదరాబాదులోనో, మద్రాసులోనో, బెజవాడలోనో పుట్టాలి. మమ్మల్ని సినిమావాళ్లు ఇప్పటికీ సీడెడ్ అంటారు. నిజాం తన బాకీ కింద మమ్మల్ని కుంపిణీకి రాసిచ్చిన నాటి పేరు అది. అప్పు కింద చేతులు మారిన నేల నుంచి అప్పులిచ్చే కంపెనీ ఒకటి పుట్టడం న్యాయమేనని నేను అనుకునేవాణ్ణి.

బాషా డబ్బు ఒక్కటే చాలేది కాదు. బెళుగుప్ప, విడపనకల్లు వైపు శనక్కాయ రైతులు, అనంతపురం పాత ఊరి బట్టల కొట్లవాళ్లు తలా కొంత పెట్టారు. రైతులు జంకుతారని నేను అనుకున్నాను. బాషా నవ్వాడు.

"ఎందుకు జంకుతారన్నా? ఏటా ఇంట్లో ఉండేదంతా భూమిలో పోసి, మొగులు సూసుకుంటా కూర్చునేటోళ్లు. సినిమా అయితే శుక్రవారం పొద్దున్నే తెలిసిపోతాది. మూడు నెలలు కాసుకోని ఉండే పనిలేదు."

నిజమే. అనంతపురం రైతును మించిన ఫైనాన్షియర్ దేశంలో లేడు. విత్తనం తనది, నష్టం తనది, పంట బాగుందని పత్రికలో ఫొటో మాత్రం ఇంకొకరిది. సినిమాకూ ఇదే పద్ధతి. మీరు ఎంబీఏల్లో నేర్చుకుని వస్తున్న రిస్కు అనే మాటను మా వైపు సేద్యం అంటారు.

బాషా గురించి ఒక మాట. అతను సినిమా ఎన్నడూ పూర్తిగా చూడలేదు. ప్రివ్యూ వేస్తే అరగంటలో గురక. విశ్రాంతి సమయానికి లేచి, జనం వెంట బయటికి వచ్చి, క్యాంటీన్ దగ్గర నిలబడేవాడు. బెల్లు కొట్టగానే బజ్జీ సగంలో వదిలేసి లోపలికి పరిగెత్తారా, బొమ్మ ఆడుతుంది. నింపాదిగా మిరపకాయ తొడిమ దాకా తిని, టీ తాగి, మూతి తుడుచుకుని వెళ్లారా, పోయినట్టే. విమర్శకుల సమీక్షలన్నీ నేను చదివేవాణ్ణి. బజ్జీ వాటికన్నా నిజాయితీగా చెప్పేది. అయితే అప్పు ఇచ్చేది సినిమా తీయకముందు. బజ్జీ పరీక్ష జరిగేది తీశాక. ఈ ఇబ్బంది బాషాకు కూడా తెలుసు. అందుకే అతనికి నా కుర్చీ కావలసివచ్చింది.

మనిషిని చూడటంలో నా తప్పులు

కథ వినడం నా పని కాదు. మనిషిని చూడటం నా పని. మర్యాద తెలిసినవాడు అప్పు తీరుస్తాడని నా సిద్ధాంతం. మొదటి ఏడాదే అది రెండు విధాలా దెబ్బతింది. ఒక కుర్ర నిర్మాత నా ముందు కాలు మీద కాలు వేసుకుని, ఆ పైకాలు ఆడిస్తూ మాట్లాడాడు. లేదు పొమ్మన్నాను. అతను వేరేచోట అప్పు తెచ్చి తీసిన సినిమా బాషా హాల్లోనే వందరోజులు ఆడింది. హాలు ముందు ఆ పోస్టరు కింద నడిచి వెళ్లినప్పుడల్లా బాషా నా కాళ్లవైపు చూసేవాడు. ఇంకొకాయన చెప్పులు ఆమడ దూరాన విడిచి వచ్చి, మా ముత్తాత పేరు అడిగి తెలుసుకుని దండం పెట్టాడు. అడిగినంత ఇప్పించాను. ఆ సినిమాకు విశ్రాంతి బెల్లు కొట్టాక జనం రెండో ప్లేటు చెప్పారు.

పిల్లలారా, మర్యాదకూ వసూళ్లకూ సంబంధం లేదు. అయినా కాలు మీద కాలు వేసుకోకండి.

గడప సెంటిమెంటు

కంపెనీ పైకి రావడానికి కారణమైన మనిషి సత్తిబాబు. కోస్తా నుంచి వచ్చిన నిర్మాత. మాట మెత్తన, చెయ్యి వదులు. తొలి సినిమాకు ఎక్కడా అప్పు పుట్టక మా దగ్గరికి వచ్చాడు. కాగితాల మీద సంతకాలయ్యాక బాషా ఉన్నట్టుండి అన్నాడు. "అన్నా, ఆ గడప మీద సెయ్యి పెట్టి దుడ్లు తిరిగిస్తానని ఒక మాట చెప్పు. ఇది మా పక్క పద్ధతి."

సత్తిబాబు పెట్టాడు. సినిమా ఆడింది. కథ బాగుందని, పాటలు బాగున్నాయని, కొత్త అమ్మాయి బాగా చేసిందని జనం అనుకున్నారు. సత్తిబాబు మాత్రం గడప వల్ల ఆడిందని తేల్చాడు.

తరువాత సంగతి చెప్పనక్కర్లేదు. ముహూర్తం చూసి, జాతకం చూసి, టైటిల్లో అక్షరాలు లెక్కపెట్టి సినిమా తీసే జనం. హైదరాబాదు నుంచి కార్లు మొదలయ్యాయి. అప్పు అవసరం లేనివాళ్లు కూడా వచ్చి అప్పు తీసుకున్నారు. ఒక హీరో తండ్రి గడప మీది పసుపు గీకి పొట్లం కట్టుకుపోయాడు. బాషా మరునాటి నుంచి గడపకు రెండు పూతలు పూయించాడు.

లోపలికి రమ్మని మేము ఎవరినీ పిలవలేదు. పిలవకపోయేసరికి లోపల ఏదో ఉందన్నారు. అమ్మవారుందన్నారు. బంగారు ఉయ్యాల ఉందన్నారు. మేము అవుననలేదు, కాదనలేదు. నేను నిటారుగా కూర్చున్నాను. నిటారుగా కూర్చున్నవాడిని ప్రశ్నలు అడగడానికి జనం మొహమాటపడతారు. ఈ మాట మీకు ఏ సంస్థలోనైనా పనికొస్తుంది.

గంజిలో విజువల్ లేదు

మా ప్రాంతం గురించి సినిమాలు తీసే ఊపు వచ్చింది. సత్తిబాబు తీస్తున్న పెద్ద సినిమా కూడా అలాంటిదే. దాని రచయితను వెంటబెట్టుకుని వచ్చాడు. రచయిత నా ఎదుట కూర్చుని, ఫోన్‌లో రికార్డు నొక్కి అడిగాడు.

"మీ తాతగారు ఎంతమందిని నరికారండీ?"

"ఎవరినీ నరకలేదు. కరువులో గంజి పోయించారు."

"అయ్యో. గంజిలో విజువల్ లేదండీ." ఫోన్ నాకు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "పోనీ గంజి దగ్గర గొడవేమన్నా జరిగిందాండీ?"

"వరసలో నిలబడ్డారు. తాగి వెళ్లారు."

అతను రికార్డు ఆపేశాడు. సినిమాలో మా తాతలాంటి మనిషి తొడకొట్టి, మీసం దువ్వి, ముప్పై మందిని నరికాడు. మా ఇంట్లో ఇన్ని తరాల్లో ఎవరూ తొడకొట్టలేదు. దోమ కుట్టినా చేత్తో సున్నితంగా తోలేవాళ్లం.

దర్శకుడికి ఇంకో కోరిక. ఈ తలుపులు ధడాలున తెరుచుకోవాలి, లోపలి నుంచి నాలుగు సుమోలు వరసగా రావాలి. నేను నోరు తెరవకముందే బాషా అతని చెవి దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఆ తలుపు తెరిసినోని సినిమా రెండో ఆట కూడా ఆడదంట. పెద్దోళ్ల మాట. మీ ఇష్టం."

దర్శకుడు వెంటనే చెప్పులు విడిచి తలుపుకు దండం పెట్టాడు. సుమోలు పక్కసందులోంచి వచ్చాయి. తలుపు ముందునుంచి, పక్కనుంచి, ఆకాశంలో డ్రోను ఎగరేసి మరీ తీసుకున్నారు. ఆ డ్రోను మీద నాకు అనుమానం రాలేదు. మా కాలపు మర్యాదలన్నీ నేల మీద నిలబడి చూసేవాళ్లకోసం ఏర్పడ్డవి.

గురువారం పొద్దున

సినిమా ఖర్చు సత్తిబాబు చేతుల్లోంచి జారింది. రాయలసీమ కథకు పాటలు ఐరోపా మంచులో తీశారు. అడిగినప్పుడల్లా బాషా ఇచ్చాడు. కంపెనీ పైకి లేచేటప్పుడు వచ్చే రోగం ఇది. ఎదుటివాడు మునిగితే మనమూ మునుగుతామనే భయంతో ఇంకాస్త ఇవ్వడం. అందులో సగానికి పైగా రైతుల డబ్బు.

ఈ వ్యాపారంలో ఫైనాన్షియర్ చేతిలో ఉండే ఆయుధం ఒక్కటే. విడుదలకు ముందు మా క్లియరెన్స్ లెటర్ అందకపోతే ఏ థియేటర్లోనూ బొమ్మ పడదు. శుక్రవారం విడుదల. గురువారం పొద్దున సత్తిబాబు కారు మా వాకిలి ముందు ఆగింది. మాట ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"లెటరిచ్చేయండి బాషాగారూ. మొదటివారం వసూళ్లు రాగానే సర్దేస్తాను."

"మొదటివారం వసూళ్లు నువ్వు ఇంగ నలుగురికి రాసిచ్చినావంట కదన్నా. గడప మీద సెయ్యి పెట్టి సెప్పిన మాట యాడ పాయ?"

సత్తిబాబు నవ్వి, ఫోన్ తీసి నాకు చూపించాడు. డ్రోను తీసిన వీడియో. పైనుంచి మా ముందుగోడ సన్నని గీతలా ఉంది. దాని వెనక తుమ్మచెట్లు, మట్టిదిబ్బలు.

"ఇన్నేళ్లూ నేను సినిమా సెట్టుకి దండం పెట్టానాండీ దేశాయిగారూ! మా ఆర్ట్ డైరెక్టరు కూడా వెనకాల కనీసం వెదురుబొంగులు పెడతాడండీ." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "రేపు నా సినిమా విడుదల కాకపోతే ఇది విడుదలవుద్దండీ."

బాషా నన్ను పక్కకు తీసుకెళ్లాడు. అతని ముఖం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"లెటర్ ఇచ్చేస్తాం దేశాయన్నా. దుడ్లు మళ్లా సంపాదిస్తాం. ఇజ్జత్ పోతే కొనేదానికి యాడా దొరకదు."

"ఎవరి దుడ్లు బాషా?"

అతను కారువైపు తిరిగాడు.

"బెళుగుప్ప వాళ్లకు ఏం చెబుతావు?"

"వానలు పడలేదని చెప్పుకుంటాం. వాళ్లకు అలవాటే కదన్నా." అని, తన మాట తనకే నచ్చక నేలవైపు చూశాడు. "నీ వాకిలి. నువ్వు ఎట్ల సెప్తే అట్ల."

నాయనకు ఇచ్చిన మాట ఆ గడప మీదే ఇచ్చాను. ఆ గడప మీదే మా తాత నిలబడి తన పాతర్లు ఊళ్లకు తెరిచాడు. ఇప్పుడు ఆ ఊళ్ల పాతర్లు ఖాళీ చేసి నేను తలుపు మూసుకుని కూర్చోవాలి. మా తాత, మా నాయన ఇద్దరూ నాకు పూజ్యులే. కానీ ఆ పొద్దున ఇద్దరి మాటా ఒకేసారి వినడానికి వీలు లేకపోయింది.

కుర్చీలోంచి లేచాను. "రెండు రెక్కలూ తీయండి" అన్నాను.

బాషా, కారు డ్రైవరు భుజాలు పెట్టి తోశారు. కదల్లేదు. గడియ లోపల ఉంది. లోపలికి దారి నాయనతోనే పోయింది. మా పరువు తీసుకోవడానికి సిద్ధపడ్డాక తలుపు రాలేదు. సత్తిబాబు నవ్వు ఆపుకుంటున్నాడు. కారును చూసి చేరిన ఊరివాళ్లలో మేకలు కాసే మారెక్క ఉంది. చేతి కర్ర గోడకు ఆనించింది.

"ఉండు సామీ, నేను పోయి తీస్తా."

పక్కగోడ వెంట నడిచి, కంప తప్పించి కనబడకుండా పోయింది. కాసేపటికి లోపల గడియ కదిలిన చప్పుడు. తలుపులు మూలిగి, సగం తెరుచుకుని, ఆపైన పూర్తిగా తెరుచుకున్నాయి. ముందుగా మేకలు వచ్చాయి. దర్శకుడు కోరుకున్న సుమోల స్థానంలో, ఏనుగుల దూలం కింద నుంచి, ఎంతో గౌరవంగా ఒకదాని వెనక ఒకటి. వాటి వెనక మారెక్క.

మేకలు దాటేదాకా ఆగి అడిగాను. "నీకు దారి ఎలా తెలుసు మారెక్కా?"

"దినామూ పోతాండ్లా సామీ? ఎండాకాలం మేకలకు ఈడ దప్ప యాడుండాది నీడ? మా యమ్మ కూడా ఈడనే కాసె."

"ఊరందరికీ తెలుసా?"

"తెలీకేం? మిద్దె పడినప్పుడు సప్పుడు ఇనపడ్లా?"

"ఎవరూ ఎప్పుడూ ఒక్క మాటైనా అనలేదే."

ఆమె నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "మీ నాయన తలుపు మూసుకున్యాడు. మూసుకున్న తలుపు గురించి మాట్లాడితే మర్యాదగా ఉంటాదా? ఆ సినిమావోళ్లు లోపల ఏముండాదని శానాతూర్లు అడిగిరి. బంగారు ఉయ్యాల ఉండాదని సెప్పింది నేనే."

గుంపులో ఎవరో అందుకున్నారు. "అమ్మవారు నేను సెప్పింది సామీ."

మా మర్యాదను నాయన కాపాడాడనీ, ఆయన తరువాత నేను కాపాడుతున్నాననీ ఇన్నేళ్లూ అనుకున్నాను. దాన్ని ఊరు కాపాడింది, మాకు తెలియకుండా, మేకలను తోలుకుంటూ.

సత్తిబాబు ఫోన్ మళ్లీ బయటికి తీయలేదు. అందరికీ తెలిసిన సంగతిని విడుదల చేస్తే ఎవరు చూస్తారు? ఎండ ఎక్కేలోగా అప్పు కింద మా ప్రాంతపు హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చాడు. లెటర్ ఇచ్చాం. సినిమా మిగతాచోట్ల చతికిలబడింది. మా దగ్గర మాత్రం, మా తాత అంతమందిని ఎలా నరికాడో చూద్దామని జనం బాగానే వచ్చారు. రైతుల డబ్బు వాళ్లకు చేరింది. ఊళ్లో ఎవరో తీసిన మేకల వీడియోను ఆ సినిమా ట్రైలర్ కంటే ఎక్కువమంది చూశారు.

తలుపు తెరిచాక

కొంతకాలం కార్లు ఆగిపోయాయి. బాషా మిల్లులో కూర్చుని దిగులుగా అన్నాడు. "ఇంగ నిజంగానే కంపెనీ నడపాల్సొచ్చె గదన్నా."

నడిపాం. బడ్జెట్ చదవడం, హక్కులు ఎవరివో తేల్చుకోవడం, ఖర్చు దాటితే షూటింగు ఆపించడం అప్పుడే నేర్చుకున్నాం. మీరు ఇప్పుడు చూస్తున్న కంపెనీ ఆ గురువారం తరువాత పుట్టిందే. అంతకుముందున్నది ఒక గోడ, ఒక కుర్చీ. అయినా ఈ పరిశ్రమ గురించి భ్రమలు పెట్టుకోకండి. ఏడాది తిరక్కుండానే, విడుదలకు ముందు మేకలు ఎదురైతే మంచిదని కొత్త సెంటిమెంటు పుట్టింది. ఒక నిర్మాత మారెక్కకు చీర పెట్టి, మంద తోలుకుని తన కారుకు ఎదురు రమ్మన్నాడు. ఆమె చీర తీసుకుంది. మేకలు మాత్రం వాటికి ఇష్టమైన దారిన పోయాయి.

తలుపులు మళ్లీ మూతపడలేదు. ఇరుసులు కుంగి, రెక్కలు నేలకు ఆనుకున్నాయి. ఊరి పిల్లలు లోపల ఆడుకుంటున్నారు. నేను రిటైరయ్యే ముందు బాషా వచ్చాడు. మోకాళ్ల నొప్పులు. నా ఎదుట కుర్చీలో కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

"ఈ తలుపు హైదరాబాదు ఆఫీసు ముందర పెట్టుకుంటామన్నా. ఈడ ఎండకు పగులుతాండాది. ధర నువ్వే సెప్పు."

"నువ్వు అన్నదే."

"బేరమాడవా?"

"మా ఇంట్లో ఆ అలవాటు లేదు."

"అందుకే కదన్నా మీరు ఇట్లయినారు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను వీపు ఆనించి కూర్చోవడం కూడా అదే మొదటిసారి.

మీ ఆఫీసులో రిసెప్షన్ దగ్గర, ఎడమవైపు గోడకు బిగించి ఉన్న తలుపులు అవే. లోపలికి వెళ్తూ మీలో కొందరు వాటికి దండం పెడుతున్నారని విన్నాను. వాటి వెనక గోడే ఉంది. అడిగి చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

రెక్కలు రెండు, ఏనుగుల దూలం, ఇత్తడి బొడిపెలు, గడప కలిపి అమ్మాను. స్థలం అమ్మలేదు. అడిగినవాళ్లు లేరు.